బేస్ గిటార్ ఫ్రెట్‌బోర్డ్: రోజ్‌వుడ్ మేలా, మేపుల్ మేలా?

కొత్త బేస్ గిటార్ కొనబోయేవారూ, ఉన్నదానికి నెక్ (పొడవాటి మెడ భాగం) మార్చుకోదలచినవారూ నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: వేళ్లతో తీగలను నొక్కే పలకకు, అంటే ఫ్రెట్‌బోర్డ్‌కు, ఏ చెక్క మేలు? అడిగేవారిలో చాలామంది ఆలోచన నాదం చుట్టూనే తిరుగుతుంది. మేపుల్ అయితే స్వరం పదునుగా పలుకుతుందనీ, రోజ్‌వుడ్ అయితే మెత్తగా, నిండుగా పలుకుతుందనీ విని ఉంటారు. నా దృష్టిలో ఈ ఎంపికను తేల్చవలసింది నాదం కాదు. చెక్క మీద పూత ఉన్నదా లేదా అన్న విషయం.

ముందుగా నాదం సంగతి చూద్దాం. ఫ్రెట్లున్న బేస్‌లో వేలు నొక్కినప్పుడు తీగ ఆనేది పలకకు అడ్డంగా దించిన సన్నని లోహపు కమ్మి, అంటే ఫ్రెట్ మీద. దాని కింద ఉన్న చెక్కకు తీగ నేరుగా తగలదు. చెక్క ప్రభావం బొత్తిగా ఉండదని నేననను గాని, పాత తీగలు తీసి కొత్తవి వేసినప్పుడు వినిపించే తేడా ముందు అది చాలా చిన్నది. రోజ్‌వుడ్‌కు సాక్ష్యంగా బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ వాయించిన 1962 నాటి ప్రెసిషన్ బేస్‌ను, మేపుల్‌కు సాక్ష్యంగా మరో వాద్యకారుడు మార్కస్ మిల్లర్ 1977 జాజ్ బేస్‌ను చూపిస్తుంటారు (రెండూ ఫెండర్ సంస్థ నమూనాలే). అయితే జేమర్సన్ ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైచుట్టు చదునుగా, నున్నగా ఉండేవి) వేసి, వాటిని అరుదుగా మార్చి, ఒక్క చూపుడు వేలితో మీటేవాడు. మిల్లర్ బొటనవేలితో తీగను కొట్టి, అంటే స్లాప్ చేసి వాయిస్తాడు, అతని బేస్‌లో అదనంగా అమర్చిన ప్రీయాంప్ (ధ్వని సంకేతాన్ని పెంచి సవరించే పరికరం) కూడా ఉంది. ఇన్ని తేడాలున్నప్పుడు ఘనత ఫ్రెట్‌బోర్డ్ చెక్కకు ఇవ్వడం న్యాయం కాదు.

ఇక పూత విషయం. లేత రంగున్న మేపుల్‌ను పూత లేకుండా వదిలితే చెమటను, మురికిని పీల్చుకొని నల్లబడుతుంది. అందుకే దానిపై లాకర్ అనే పారదర్శక పూత వేస్తారు. రోజ్‌వుడ్‌లో సహజంగానే నూనె ఉంటుంది, రంగు కూడా ముదురు, కనుక పూత లేకుండానే మన్నుతుంది. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కు నెక్ మొత్తం ఒకే మేపుల్ ముక్క, ఫ్రెట్లు అందులోనే దిగేవి. 1959లో ఆ సంస్థ రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డ్‌కు మారింది. పూత అరిగిన మేపుల్ చూడటానికి మాసిపోయినట్టు కనిపించడమే ఆ మార్పుకు కారణమని చెబుతారు.

విశాఖపట్నం, కాకినాడ, చెన్నై వంటి తీరప్రాంతపు ఉక్కలో గంటసేపు వాయించేవారికి ఈ తేడా వేళ్లకే తెలుస్తుంది. నిగనిగలాడే లాకర్ మీద చెమట తడి నిలిచి వేళ్లు అంటుకున్నట్టు అనిపిస్తుంది. పూత లేని రోజ్‌వుడ్ మీద ఆ ఇబ్బంది తక్కువ. అంతకంటే ముఖ్యమైనది మరమ్మతు. బేస్ తీగలు లావైనవి, వాటిలోనూ స్టీల్ రౌండ్‌వౌండ్ తీగలు (పైచుట్టు గుండ్రంగా, గరుకుగా ఉండేవి) ఫ్రెట్లను త్వరగా అరగదీస్తాయి. ఫ్రెట్లు మార్చవలసి వచ్చినప్పుడు రోజ్‌వుడ్ మీద పాతవి లాగి, బోర్డును సరిచేసి, కొత్తవి దించితే పని పూర్తవుతుంది. లాకర్ ఉన్న మేపుల్ మీద ప్రతి ఫ్రెట్ అంచు వెంట పూతను జాగ్రత్తగా కోయాలి, లేకపోతే పెచ్చులూడుతుంది. బోర్డును చదును చేయవలసి వస్తే మళ్లీ పూత వేయాలి. ఆ పని తెలిసిన మనిషి దొరకడం కష్టం, దొరికినా ఖర్చు ఎక్కువ. పదేళ్లు తన దగ్గరే ఉంచుకొనే వాద్యం కొనేవారికి నేను రోజ్‌వుడ్‌నే సూచించడానికి కారణం ఇదే.

మేపుల్ పక్షాన చెప్పవలసిన మంచి మాటా ఉంది. పూత గాలిలోని తేమ మార్పులను నెమ్మదిగా లోపలికి చేరనిస్తుంది. హైదరాబాద్ వేసవి పొడిగాలిలో గాని, నిత్యం ఏసీ నడిచే గదిలో గాని పూతలేని రోజ్‌వుడ్ ఎండి కుంచించుకుపోయి, ఫ్రెట్ల చివరలు పక్కకు పొడుచుకువచ్చి అరచేతికి గుచ్చుకోవచ్చు. దానికి ఏడాదికి ఒకటి రెండు సార్లు కొద్దిగా నూనె పట్టించాలి. మేపుల్‌ను పొడిగుడ్డతో తుడిస్తే చాలు. కొనేముందు చెక్క పేరుతో ఆగకుండా పూత సంగతి కూడా అడగాలి: రికెన్‌బ్యాకర్ సంస్థ తన రోజ్‌వుడ్ బోర్డులకు కూడా వార్నిష్ వేసింది, మ్యూజిక్ మ్యాన్ సంస్థ మేపుల్ నెక్‌లకు నూనె, మైనం మాత్రమే పట్టిస్తుంది.

రోజ్‌వుడ్‌కు బదులు పౌ ఫెరో, ఇండియన్ లారెల్ అనే చెక్కలు చాలా బేస్‌లపై కనిపించడానికి కారణం వాణిజ్య నిబంధనలు. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతి మొత్తాన్ని సైటిస్ (అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణలోకి తెచ్చింది. తయారైన వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు దొరికేలోగా కొన్ని సంస్థలు ఇతర చెక్కలకు మారాయి. రెండూ వాడదగినవే. ఇండియన్ లారెల్ అంటే మన అడవుల్లోని నల్లమద్దే. వెంగే అనే చెక్క, ఫినాలిక్ అనే కృత్రిమ పదార్థంతో చేసిన బోర్డులు ఎదురుపడితే వాయించి చూసి నచ్చితే తీసుకోవచ్చు.

ఫ్రెట్లు లేని, అంటే ఫ్రెట్‌లెస్ బేస్‌కు మాత్రం పైన చెప్పిన లెక్క మారుతుంది. అక్కడ తీగ నేరుగా చెక్క మీదే ఆనుతుంది కనుక చెక్క గట్టిదనం నాదంలో స్పష్టంగా వినిపిస్తుంది, రౌండ్‌వౌండ్ తీగలు రోజ్‌వుడ్‌పై గాడులు పెడతాయి. బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ తన జాజ్ బేస్ రోజ్‌వుడ్ బోర్డుకు పడవలకు వాడే ఎపాక్సీ (ఆరి గట్టిపడే రెసిన్) పూయడానికి కారణం ఆ అరుగుదలే. అంత పని పెట్టుకోలేనివారు ఎబొనీ (నల్లని గట్టి చెక్క) బోర్డు తీసుకొని, ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసుకోవడం మంచిది.