బడి నర్సు మళ్లీ బడికి వెళితే: కౌమార ఆరోగ్య పీజీ శిక్షణపై ఆరేళ్ల తర్వాత సమీక్ష

మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలోని రెండు ప్రభుత్వ సెకండరీ పాఠశాలల్లో నేను నర్సుగా పనిచేస్తున్నాను. బడి నర్సు అనగానే మోకాలు గీరుకున్న పిల్లవాడికి పట్టీ వేసే మనిషి గుర్తుకు వస్తుంది గాని, విక్టోరియా రాష్ట్రంలో ఈ ఉద్యోగానికి ప్రథమ చికిత్స అసలు పని కాదు. ఆరోగ్య విద్య, నివారణ, ఇబ్బందిలో ఉన్న విద్యార్థిని వేళకు గుర్తించి తగిన చోటికి చేర్చడం అసలు పనులు. గుంటూరులో నర్సింగ్ చదివి, ఆసుపత్రి వార్డుల్లో పన్నెండేళ్లు గడిపిన నాకు ఈ పని మొదట్లో చేతకాలేదు. వార్డులో రోగి మంచం మీద ఉంటాడు, కేస్ షీట్ చేతికి అందుతుంది. బడిలో రోగి ఎవరో కూడా తెలియదు. అందుకే ఇక్కడి ఒక విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో నడిపే కౌమార ఆరోగ్యం, సంక్షేమం పీజీ డిప్లొమాలో చేరి, ఉద్యోగం చేసుకుంటూ రెండేళ్లలో పూర్తిచేశాను. పట్టా చేతికి వచ్చి ఆరేళ్లయింది కనుక, అందులో ఏది నిత్యం వాడుతున్నానో, ఏది అటకెక్కిందో ఇప్పుడు చెప్పగలను.

నాతో చదివినవారిలో నర్సులు సగం కూడా లేరు. ఉపాధ్యాయులు, సామాజిక కార్యకర్తలు, ఆహార నిపుణులు, ఒక పోలీసు అధికారి ఉండేవారు. తొలి నెలలోనే ఒక కల్పిత ఉదంతం ఇచ్చారు: పద్నాలుగేళ్ల అమ్మాయి వరుసగా సోమవారాలు బడి మానేస్తోంది. నేను నిద్ర, భోజనం, నెలసరి గురించి అడిగాను. లెక్కల టీచరు సోమవారం మొదటి పీరియడ్ ఏమిటని అడిగాడు. యువజన కేంద్రంలో పనిచేసే ఆవిడ ఆదివారం రాత్రి ఆ ఇంట్లో ఎవరుంటారని అడిగింది. మూడూ అడగవలసిన ప్రశ్నలే, కాని అంతకుముందు నాకు తట్టేది మొదటిదొక్కటే. ఈ చదువు నాకిచ్చిన అసలు లాభం మిగతా రెండు ప్రశ్నలు నా నోటికి అలవాటు కావడం. కొత్త వైద్య పరిజ్ఞానం నేను అనుకున్నంత రాలేదు, అది నాకు పెద్ద లోటుగానూ అనిపించలేదు.

రోజూ వాడేది హెడ్స్ అనే ముఖాముఖి పద్ధతి. 1972లో సియాటిల్‌లో హార్వీ బెర్మన్ రూపొందించగా తర్వాత ఇతరులు విస్తరించిన ఈ ప్రశ్నల వరుస ఇల్లు, చదువులతో మొదలై, తిండి, కాలక్షేపాలు, మత్తుపదార్థాలు, లైంగికత, ఆత్మహత్య ఆలోచనలు, భద్రతల దాకా సాగుతుంది. బయటి విషయాల నుంచి లోపలి విషయాలకు మెల్లగా వెళ్లడంలోనే దాని కిటుకు ఉంది. కాగితం మీద చూస్తే పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు అనిపిస్తుంది. నటులను విద్యార్థులుగా కూర్చోబెట్టి, మా సంభాషణను రికార్డు చేసి, మళ్లీ మాకే చూపించినప్పుడు గాని నేను ఎంత తొందరగా సలహాలోకి దూకుతున్నానో తెలియలేదు. ఆ రికార్డింగ్ చూడడం నాకు ఎంత సిగ్గుగా ఉన్నా, మొత్తం ఫీజులో సగం దానికే ఇచ్చానని ఇప్పటికీ అనుకుంటాను.

అయితే ఆ ప్రశ్నలను మన పిల్లల దగ్గర కాస్త మార్చుకోవలసి వచ్చింది. టార్నీట్, పాయింట్ కుక్ ప్రాంతాల తెలుగు ఇళ్లలో ‘ఇంట్లో ఎవరెవరుంటారు?’ అన్న ప్రశ్నకు జవాబు నెలను బట్టి మారుతుంది. అమ్మమ్మో నానమ్మో విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నంతకాలం బాగానే ఉండి, ఆవిడ విమానం ఎక్కిన మర్నాటి నుంచి ముభావంగా మారిన పిల్లలను నేను ఒకరికంటే ఎక్కువమందిని చూశాను. అందుచేత ‘ఈమధ్య ఇంటికి ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు?’ అనేది నేను చేర్చుకున్న ప్రశ్న. పాఠ్యపుస్తకంలో అది లేదు.

గోప్యత గురించిన పాఠం ఇంకా లోతుగా చెప్పాలి. చికిత్స స్వభావాన్ని పూర్తిగా అర్థం చేసుకోగల మైనరు దానికి స్వయంగా సమ్మతి ఇవ్వవచ్చునన్న సూత్రాన్ని ఆస్ట్రేలియా హైకోర్టు 1992లో మారియన్ కేసులో ఆమోదించింది. పదిహేనేళ్లు నిండినవారు ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌కు సొంత కార్డు తీసుకోవచ్చు. ఇవి చట్టపు మాటలు. ఎదురుగా ఒక తెలుగు తల్లి కూర్చుని, ‘మీరూ మనవాళ్లే కదండీ, మా వాడు మీకేం చెప్పాడో నాకు చెప్పకపోతే ఎలా?’ అని అడిగినప్పుడు ఆ మాటలు నోటికి రావు. శిక్షణలో నేర్పిన మెళకువ ఏమిటంటే, గోప్యతను, దాని హద్దులను అడిగినప్పుడు కాకుండా మొట్టమొదటే, పిల్లల ముందూ పెద్దల ముందూ ఒకే మాటల్లో చెప్పడం: ప్రాణానికి ముప్పు ఉన్నా, ఎవరైనా హాని చేస్తున్నా నేను దాచను, తక్కినది నీ అనుమతి లేకుండా చెప్పను. ఆ తల్లికి నేను అదే చెప్పి, ‘మీ వాడితో నేను కూర్చుంటాను, తనే మీకు చెప్పేలా చూస్తానండీ’ అన్నాను. రెండు వారాలు పట్టింది గాని అతనే చెప్పాడు. చెప్పిన విషయం ఆవిడ భయపడినంతదేమీ కాదు, ఒక సబ్జెక్టు మార్చుకోవాలనుకుంటున్నాడు.

రెండో ఏడాదిలో చూపు ఒక విద్యార్థి నుంచి బడి మొత్తానికి మళ్లింది. 1990ల చివర్లో విక్టోరియాలోని 26 సెకండరీ పాఠశాలల్లో జరిగిన గేట్‌హౌస్ ప్రాజెక్టును వివరంగా చదివించారు. పిల్లలకు ఉపన్యాసాలు ఇవ్వడం కంటే బడి వాతావరణాన్ని మార్చాలన్నది దాని ఆలోచన. సిగరెట్టు, మద్యం వాడకంలో తగ్గుదల కనిపించింది గాని కుంగుబాటు లక్షణాల్లో తేడా రాలేదు. ఫలితం సగమే వచ్చిందని దాచకుండా చదివించడం నాకు నచ్చింది. ఇదే తోవలో బీహార్‌లో జరిగిన సెహర్ అధ్యయనం 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఒకే కార్యక్రమాన్ని కొన్నిచోట్ల శిక్షణ పొందిన స్థానిక కౌన్సిలర్ చేత, కొన్నిచోట్ల ఉపాధ్యాయుని చేత నడిపించారు. కౌన్సిలర్ ఉన్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, కుంగుబాటు, వేధింపులు తగ్గాయి. ఉపాధ్యాయుడు నడిపిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

ఇది చదివిన రోజు మా వదినకు ఫోన్ చేశాను. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆవిడ సైన్సు టీచరు. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు ఉపాధ్యాయులు ఆరోగ్య రాయబారులుగా 11 అంశాలు బోధించాలి. నేను అధ్యయనం సంగతి చెబితే, ‘దానికి బీహార్ దాకా ఎందుకమ్మా, నన్నడిగితే చెప్పేదాన్ని కదా, పొద్దున తిట్టిన టీచరు దగ్గరికి సాయంత్రం ఏ పిల్ల వచ్చి మనసు విప్పుతుంది?’ అంది. నా చివరి వ్యాసం ఆ ఒక్క వాక్యం చుట్టూ రాశాను.

లోపాలు లేవని కాదు. వలస కుటుంబాల గురించి మొత్తం శిక్షణలో ఒక్క వారమే కేటాయించారు, అందులోనూ తల్లిదండ్రులను అడ్డంకులుగా చూపిన ధోరణి నన్ను నొప్పించింది. గణాంకాల పాఠ్యాంశం పరీక్షతోనే ఆవిరైపోయింది. వారంవారం రాయవలసిన చర్చా వ్యాఖ్యలు మార్కుల కోసం ఒకరినొకరు పొగుడుకోవడంగా మారేవి. బడి పనిదినాలతో సంబంధం లేకుండా గడువులు పెట్టడం వల్ల, పిల్లల పరీక్షల వారంలోనే నా వ్యాసాలు పడేవి.

చేరదలచినవారు డబ్బు సంగతి ముందే చూసుకోవాలి. ఇక్కడ శాశ్వత నివాసులకు ప్రభుత్వ రాయితీ సీటు దొరకవచ్చు గాని, ఆ మిగిలిన ఫీజుకు హెక్స్ అనే ప్రభుత్వ విద్యా రుణం సాధారణంగా పౌరులకే. పీఆర్ మీద ఉన్నవారు చేతి నుంచి కట్టుకోవాలి. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే కోర్సు మీద విద్యార్థి వీసా రాదు కనుక, ఇండియా నుంచి వీసా కోసం చూసేవారికి ఈ దారి పనికిరాదు. నా కోర్సులో నాలుగు పాఠ్యాంశాలతో ఆగితే సర్టిఫికెట్, ఎనిమిదితో డిప్లొమా. ముఖాముఖి శిక్షణ, గోప్యత మొదటి నాలుగింటిలోనే వస్తాయి, కాబట్టి క్లినిక్‌లో పనిచేసేవారు అక్కడ ఆగినా నష్టం లేదు. బడిలో పనిచేసేవారు మాత్రం రెండో ఏడాది వదులుకోకూడదు. ఆ ఏడాది ప్రాజెక్టు సొంత బడిలోనే చేయాలి, దానికి ప్రిన్సిపాల్ రాతపూర్వక అనుమతి కావాలి. నేను ఆలస్యంగా అడిగి ఒక సెమిస్టరు పోగొట్టుకున్నాను. మీరు చేరిన నెలలోనే అడిగి పెట్టుకోండి.