పసుపు కూడా మెరుస్తుందని ముందే తెలిసుంటే: ప్యాకెట్ మీద దాచిన యూవీ కోడ్‌తో రెండేళ్లు

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంటి వెనక షెడ్డులో కారం, పసుపు పట్టించి ప్యాకెట్లు కట్టి, ఇటు బిలోలి, దెగ్లూర్, అటు బాసర, నిజామాబాద్ కిరాణా కొట్లకు వేస్తాం. రెండేళ్ల కింద మా ప్యాకెట్‌ను అచ్చం పోలిన డూప్లికేట్ ఒకటి సంతలో కనిపించింది. అదే రంగు, అదే ముగ్గు, లోపల మాత్రం వేరే సరుకు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడే లేబుల్ మీద కంటికి కనబడని కోడ్ పెట్టించాలని తీర్మానించుకున్నాను. యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ వేస్తే క్యూఆర్ కోడ్ మెరుస్తుంది, ఫోన్‌తో స్కాన్ చేస్తే బ్యాచ్ నంబర్ వస్తుంది. మొదట్లో అడిగినవాళ్లందరికీ "ఇంకేం ఆలోచించకుండా పెట్టించుకోండి" అని చెప్పాను. ఆ మాట పసుపు వ్యాపారం చేసేవాళ్ల దగ్గర ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

మామూలు క్యూఆర్ కోడ్ ఎందుకు వేయించలేదని చాలామంది అడిగారు. మా లేబుల్‌లో చోటు లేదు. తెలుగులో పేరు, మరాఠీలో పేరు, పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబర్, బరువు, ధర, తయారీ తేదీ, వీటితోనే నిండిపోతుంది. కనబడని సిరా అయితే ఉన్న బొమ్మ మీదే వేయొచ్చు. పైగా కనబడితే కాపీ కొట్టేవాడు దాన్నీ కొడతాడు.

ప్రెస్సులో మొదటి రోజే ఒక తికమక. నేను యూవీ అంటే వాళ్లు అక్షరాల మీద నిగనిగలాడే స్పాట్ యూవీ పూత అనుకున్నారు. అది యూవీ దీపం కింద ఆరబెట్టే వార్నిష్, చీకట్లో టార్చ్ వేస్తే మెరిసేది వేరు. సంగతి అర్థమయ్యాక ప్రెస్సు ఆయన ఐదు వందల నోటు తీసి టార్చ్ వేసి చూపించారు. నోటు కాగితం నల్లగా ఉండిపోయింది, నంబర్లు మాత్రం వెలిగాయి. పక్కనే తెల్ల కాగితం పెడితే మొత్తం నీలంగా మెరిసింది. మామూలు కాగితంలో తెలుపు కోసం కలిపే మందు యూవీకి మెరుస్తుందట, నోటు కాగితంలో అది ఉండదట. అందుకే మాకు కూడా మెరవని లేబుల్ కాగితం తెప్పించారు. అంత జాగ్రత్త తీసుకున్న మనిషి కూడా పసుపు సంగతి చెప్పలేదు. ఆయనకూ తెలియదేమో.

ఇంకో చిన్న చిక్కు: మెరిసే సిరాతో గళ్లు వేస్తే నల్ల నేల మీద తెల్ల కోడ్‌లా కనిపిస్తుంది. కొన్ని పాత ఫోన్లు అలా తిరగేసిన కోడ్‌ను చదవవు. తర్వాతి ప్రింటులో చుట్టూ నేల మెరిసేలా, గళ్లు నల్లగా ఉండేలా మార్పించాను. అది అక్కడితో తీరింది.

మొదటి ఏడాది వసంత పంచమికి వారం ముందు బాసర నుంచి ఫోన్. అక్షరాభ్యాసాలకు జనం విరగబడే రోజులు, ఆ కొట్టుకు రెండు పెట్టెల పసుపు పంపాను. కొట్టు అన్న నన్ను చెల్లెలా చూసుకునే మనిషి. ఆ రోజు గొంతు మారింది. "చెల్లే, నీ పేరు మీద ఎవరో డూప్లికేట్ దించిన్రు. టార్చ్ ఏస్తే కోడ్ లేదు, లేబుల్ మొత్తం పచ్చగ మండుతాంది. నేనైతే అమ్మను, వాపస్ పంపుత" అన్నాడు. ఆ పెట్టెలు నేనే నా చేతుల్తో టేపు వేసి పంపినవి. "అన్నా, అవి నావే" అంటే, "మరి నీ టార్చే గదా చెప్తాంది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. టార్చ్ ఇచ్చింది నేనే, అది చెప్పిందే నమ్మమన్నదీ నేనే.

ఆ సాయంత్రమే రైలెక్కి వెళ్లి పెట్టెలు వెనక్కి తెచ్చుకున్నాను. రాత్రి షెడ్డులో లైట్లన్నీ ఆపి టార్చ్ వేశాను. లేబుల్ ఒక్కటే కాదు, తూకం పళ్లెం, సీలింగ్ మిషన్ పిడి, నా గోళ్ల అంచులు, కొంగు, అన్నీ పచ్చని వెలుగుతో మెరిశాయి. లోపలికి వస్తే మా అత్తమ్మ పొద్దున పూసిన గడప ఈ చివర నుంచి ఆ చివర దాకా వెలిగింది. అత్తమ్మ చేతులు జోడించింది. నేను మాత్రం గడప పక్కనే కూలబడ్డాను. కోడ్ లేకపోవడం కాదు, పసుపే దాన్ని మింగేసింది.

తర్వాత తెలుసుకున్న సంగతి ఇది. పసుపులో రంగునిచ్చే కర్క్యుమిన్‌కే యూవీ కాంతిలో పసుపు పచ్చగా మెరిసే గుణం ఉంది. మా సిరా మెరుపూ అదే రంగు. పైగా నేను కొట్లకు పంచినవి తక్కువ ధర టార్చులు, వెలుగు తరంగం పొడవు 395 నానోమీటర్లు ఉండేవి. ఆ వెలుగు కంటికి కనబడే ఊదా రంగుకు దగ్గర, కర్క్యుమిన్ బాగా పీల్చుకునేది కూడా ఆ పక్క వెలుగునే. ప్లాస్టిక్ ప్యాకెట్‌కు పొడి ఎలా అతుక్కుంటుందో ఈ పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. కారం ప్యాకెట్లు మా దగ్గర ఒక్కసారి కూడా ఇలా ఇబ్బంది పెట్టలేదు.

తుడిచి చూశాం. పొడి గుడ్డతో రుద్దితే ఇంకా పరుచుకుంది. పసుపు రంగు నీళ్లలో కరగదు కాబట్టి తడి గుడ్డతో సగమే పోయింది. స్పిరిట్ పెడితే పసుపు కరిగి లేబుల్ అంతా సన్నని పొరలా పాకింది, కోడ్ సిరా అంచులు కూడా చెదిరాయి. ఆ రెండు పెట్టెల లేబుళ్లు ఊడదీసి, కొత్త సంచుల్లో మళ్లీ నింపాం. పంచమి బేరం పోయింది.

రెండో విడతలో మూడు మార్పులు చేశాం. సిరా ఎర్రగా మెరిసేది తీసుకున్నాం, యూరోపియం అనే లోహంతో చేసే రకం. పసుపు పచ్చని మెరుపు మధ్య ఎరుపు విడిగా కనబడుతుంది. ఆ సిరాకు 365 నానోమీటర్ల టార్చే సరిగ్గా పని చేస్తుంది, అందుకని అవే కొన్నాం, కంటికి కనబడే వెలుగును ఆపే నల్ల గాజు ఫిల్టర్ మూతి మీద ఉన్నవి. ధర చాలా ఎక్కువ కాబట్టి అన్ని కొట్లకూ ఇవ్వలేకపోయాను, ఐదింటికే ఇచ్చాను. మూడోది డబ్బు ఖర్చు లేనిది: నింపిన సంచుల్ని తుడిచి ముందు గదిలోకి తెచ్చి, చేతులు కడుక్కుని అక్కడ లేబుల్ అంటిస్తున్నాం. నా లెక్కన సగం మేలు దీనివల్లే జరిగింది. బాసర అన్నకు మొదటి టార్చ్ నేనే తీసుకెళ్లి ఇచ్చి, కొట్టు షట్టర్ సగం దించి చూపించాను. ఎర్రగా కోడ్ లేచింది, ఫోన్ చదివింది. "గిప్పుడు సరే చెల్లే" అన్నాడు. అంతకంటే ఏ సర్టిఫికెట్ నాకు అక్కర్లేదు.

అయినా కొన్ని చెప్పాలి. కొట్టు ముందు దండల్లా ఎండలో వేలాడదీసిన ప్యాకెట్ల మీద రెండు మూడు నెలలకే మెరుపు తగ్గిపోతోంది. లోపల అరల్లో ఉన్నవి బాగానే ఉన్నాయి. పట్టపగలు వెలుతురులో చదవడం కుదరదు, చాటు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, నేను మొదట అనుకున్నట్టు దీన్ని ఎవరూ కాపీ చేయలేరన్నది నిజం కాదు. టార్చ్ ఎవరైనా కొనుక్కోవచ్చు, మెరిసే సిరా బజార్లో దొరుకుతుంది. మా కోడ్‌లో బ్యాచ్ నంబర్ మాత్రమే ఉంది, ఒక బ్యాచ్ అంతా ఒకే కోడ్. దాన్ని ఫొటో తీసి అచ్చేస్తే మాదీ వాళ్లదీ ఒకటే. ప్రతి ప్యాకెట్‌కు వేరే నంబర్ వేస్తేనే తేడా పట్టుకోవచ్చు, అది మా స్థాయికి మించిన ఖర్చు. ఈ రెండేళ్లలో ఇది ఒకసారి అసలు డూప్లికేట్‌ను పట్టించింది, దెగ్లూర్ కొట్టులో. వాళ్లకు కోడ్ ఉన్న సంగతే తెలియలేదు, అందుకే దొరికారు.

మాకు పాతిక ముప్పై కొట్లు, అందరూ ముఖం తెలిసినవాళ్లు. అనుమానం వస్తే ఫోన్ చేస్తారు. అంతవరకు ఈ కోడ్ నాకు ధైర్యం. దూరపు జిల్లాలకు, తెలియని డీలర్లకు పంపేవాళ్లకు ఇదే సరిపోతుందని నేను చెప్పలేను. కారం, ధనియాల పొడి అయితే పచ్చగా మెరిసే మామూలు సిరాతోనే మొదలుపెట్టొచ్చు. పసుపు అయితే ప్రింటుకు ఇచ్చే ముందు ఒక సాంపిల్ లేబుల్ మీద మీ పసుపే చిటికెడు చల్లి, కొట్లకు ఇవ్వబోయే టార్చే వేసి చూడండి. ఈ సీజన్‌కు కారం లేబుళ్లు ప్రెస్సులో పాత లెక్కనే చెప్పాను. పసుపువి సగమే చెప్పాను, ఆ ఐదు కొట్ల వరకు.