డార్బీషైర్ భవంతులు: ఒక్కటే చూసే టైముంటే నా ఓటు కెడిల్‌స్టన్‌కే

ఇంగ్లండ్‌లో దొరల పాత భవంతులు చూద్దామని డార్బీషైర్ వెళ్లేవాళ్లు ముందు చాట్స్‌వర్త్‌కే పరిగెడతారు. మేమూ అంతే. తోటలు, మెట్ల మీదుగా దిగే జలపాతం బాగున్నాయి, కాదనను. కానీ ఆ జనంలో తల పైకెత్తి పైకప్పు చూసే తీరిక ఎక్కడిది? డార్బీ ఊరు దాటగానే వచ్చే కెడిల్‌స్టన్ హాల్‌లో ఆ బాధ లేదు.

1759లో నథానియల్ కర్జన్ అనే దొర మొదలుపెట్టించిన ఇల్లిది. మాథ్యూ బ్రెటింగ్‌హామ్, జేమ్స్ పెయిన్ అనే వాస్తుశిల్పుల తర్వాత పని రాబర్ట్ ఆడమ్ చేతికొచ్చింది. దొరగారి చూపుకి అడ్డమని ఊరినే పక్కకి జరిపించారు, పాత చర్చి మాత్రం భవనం పక్కనే ఉండిపోయింది.

అసలు చూడాల్సింది మార్బుల్ హాల్. 25 అడుగుల అలబాస్టర్ (పాలరాయిలా కనిపించే మెత్తటి రాయి) స్తంభాలు 20, అటూ ఇటూ బారులు తీరి ఉంటాయి. వెలుగంతా పైకప్పు అద్దాల్లోంచే దిగుతుంది. దగ్గరికెళ్లి చూస్తే రాతిలో కోసిన ఎర్ర ఉల్లిపాయ పొరల్లాంటి చారలు, ఏ రెండు స్తంభాలకీ ఒకేలా లేవు. ఆ వెనకే గుండ్రటి సెలూన్ (అంటే అతిథుల హాలు), రోమ్‌లోని పాంథియన్ అనే పాత గుడిని తలపించే 62 అడుగుల ఎత్తు గుమ్మటం. ఇదంతా వచ్చినవాళ్ల ముందు గొప్పకే. కుటుంబం కాపురం ఉన్నది పక్కనున్న చిన్న భవనంలో, వంట ఇంకోదాంట్లో. వంపు తిరిగిన వరండాలు వాటిని మధ్య భవనంతో కలుపుతాయి.

ఉత్తరం వైపు ముఖం పెయిన్‌ది, గుడి ముందు మండపంలా నిటారుగా, కాస్త బిగుసుకుని ఉంటుంది. దక్షిణం ఆడమ్‌ది, రోమ్‌లోని కాన్‌స్టంటైన్ తోరణం నమూనా. నాకు ఇదే నచ్చింది. ఈ వైపు కట్టాల్సిన రెండు పక్క భవనాలు కట్టనేలేదు, అందుకే కాస్త ఒంటరిగా కనిపిస్తుంది.

ఆ నాలుగు రెక్కలూ పూర్తిగా ఉన్న రూపం చూడాలంటే కలకత్తా రాజ్‌భవన్‌కి (ఇప్పుడు లోక్‌భవన్) వెళ్లాలి. కెడిల్‌స్టన్ ప్లాన్‌ని చూసే గవర్నర్ జనరల్ వెల్లస్లీ హయాంలో చార్లెస్ వ్యాట్ దాన్ని కట్టాడు, 1803లో పూర్తయింది. కెడిల్‌స్టన్‌లో పుట్టిన లార్డ్ కర్జన్ 1899లో వైస్రాయ్‌గా వచ్చి, తన ఇంటి నకల్లోనే మకాం పెట్టాడు! హైదరాబాద్ కోఠీ రెసిడెన్సీ కూడా ఈ బాణీ కట్టడమే కాబట్టి, ఆ స్తంభాలు చూసినవాళ్లకి ఇక్కడ కొత్తగా అనిపించదు. కెడిల్‌స్టన్ కింది అంతస్తులో కర్జన్ మన దేశం నుంచి తెచ్చుకున్న వస్తువుల మ్యూజియం ఉంది. 1903 ఢిల్లీ దర్బార్‌కి లేడీ కర్జన్ వేసుకున్న నెమలి గౌను ఈ ఇంటిదే. ఆ జరీ పని మనవాళ్ల చేతిదే. మా ఆవిడని అక్కణ్నుంచి కదిలించడం నా వల్ల కాలేదు.

బస డార్బీ స్టేషన్ దగ్గర ఓ మామూలు హోటల్లో. గది ఇరుకు, టిఫిన్ పర్లేదు. వెళ్లేటప్పుడు టాక్సీ సులువుగానే దొరికింది, తిరుగు ప్రయాణానికి చాలాసేపు నిలబెట్టారు. అక్కడ దిగేటప్పుడే తిరుగు టాక్సీ మాట్లాడుకోండి. గదుల్లో కూర్చునే వాలంటీర్లు మాత్రం బంగారం, అడిగిందానికల్లా ఓపిగ్గా చెప్తారు. తిండి దగ్గర శాకాహారులకి స్కోన్లు (బన్నుల్లాంటివి), సూపుతో సరి.

కెడిల్‌స్టన్, కింద చెప్పబోయే హార్డ్‌విక్ హాల్ రెండూ నేషనల్ ట్రస్ట్ అనే పాత కట్టడాలు కాపాడే సంస్థవి, ఆ సభ్యత్వం ఉంటే టికెట్ అక్కర్లేదు. చాట్స్‌వర్త్‌కి అది చెల్లదు, అక్కడి ధర జేబుకి గట్టిగానే తగులుతుంది.

రెండో రోజుంటే హార్డ్‌విక్ హాల్ వదలొద్దు. 1590ల్లో బెస్ అనే జమీందారిణి రాబర్ట్ స్మిత్‌సన్ అనే వాస్తుశిల్పి చేత కట్టించింది. గోడ కంటే అద్దమే ఎక్కువ. పొగగొట్టాలని లోపలి గోడల్లోకి నెట్టేసి బయట అంతా కిటికీలకి వదిలేశాడు. పై అంతస్తుకి వెళ్లేకొద్దీ కిటికీలు పొడుగవుతాయి, బురుజుల మీద ఆవిడ పొడి అక్షరాలు ఆకాశంలోకి లేచి ఉంటాయి. గొప్ప గదులన్నీ పైనే, రాతి మెట్లు ఓ పట్టాన అయిపోవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే వాళ్లని కిందే తోటలో కూర్చోబెట్టండి.