కాలిన ముఖానికి ఒత్తిడి మాస్కు: ప్లాస్టర్ అచ్చు మేలా, స్కాన్ చేసి సి.ఎన్.సి.తో చెక్కించిన దిమ్మ మేలా?

ముఖం కాలి, పుండ్లు పూర్తిగా మానిన తరువాత మచ్చలు ఉబ్బి గట్టిపడకుండా ఉండేందుకు వైద్యులు కొందరికి పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ మాస్కు సూచిస్తారు. మచ్చ మెత్తబడి రంగు తగ్గేవరకు, అంటే సుమారు ఏడాది నుంచి రెండేళ్ళ దాకా, స్నానానికీ భోజనానికీ తప్ప దానిని తీయకూడదు. అమెరికాలో రివర్స్ అనే చికిత్సకురాలు, ఆమె సహచరులు 1979లో ఈ మాస్కును గురించి ప్రచురించారు. సాగే గుడ్డతో కుట్టిన ముసుగు కూడా ఉంది. అది నుదుటి మీద, బుగ్గల మీద బాగానే నొక్కుతుంది గాని ముక్కు పక్క పల్లంలో, కింది పెదవి కింద గుంటలో వంతెన కట్టినట్టు పైపైనే నిలిచిపోతుంది. పైగా ముఖాన్నంతా కప్పేస్తుంది కనుక బడికి వెళ్ళే పిల్లలకు అది పెద్ద శిక్ష. కాబట్టి ప్లాస్టిక్ మాస్కే మంచిదనుకుంటే, వేడిచేసిన ప్లాస్టిక్ రేకును లాగి అతికించడానికి కావలసిన ముఖపు దిమ్మను ప్లాస్టర్ అచ్చుతో తయారు చేయాలా, లేక ముఖపు రూపాన్ని స్కానరుతోనో ఫోను ఫొటోలతోనో కంప్యూటరులోకి ఎక్కించి (అదే స్కానింగు), సి.ఎన్.సి. అనే కంప్యూటరు నడిపే చెక్కుడు యంత్రంతో చెక్కించాలా అన్నదే తేల్చుకోవలసిన విషయం.

పాత పద్ధతిలో మనిషిని పడుకోబెట్టి, కళ్ళు మూయించి, ముఖం మీద ఆల్జినేట్ (దంతవైద్యులు పళ్ళ అచ్చుకు వాడే ముద్ద) పూసి, దానిపై ప్లాస్టర్ పట్టీలు పరుస్తారు. అది గట్టిపడేవరకు మాట్లాడకుండా, కదలకుండా ఉండాలి. పెద్దవాళ్ళు ఓర్చుకుంటారు; నిప్పును చూసి ఇంకా ఉలిక్కిపడుతున్న నాలుగేళ్ళ బిడ్డ ఓర్చుకోదు, అందుకే చిన్నపిల్లలకు కొన్నిచోట్ల మత్తు ఇచ్చి ఈ పని చేయవలసి వస్తుంది. పడుకున్నప్పుడు బుగ్గలు పక్కలకు జారడం, తడిపట్టీల బరువుకు మెత్తని భాగాలు అణగడం మరో లోపం. ఆ అచ్చులో పోసిన ప్లాస్టర్ దిమ్మను బాగా ఆరబెట్టకుండా వేడి రేకును లాగితే లోపలి తేమ ఆవిరై ప్లాస్టిక్ మీద బుడగలు తేలుతాయి. అయినా ఈ పద్ధతికి కంప్యూటరు అక్కరలేదు, సామాను చవక, చేయి తిరిగిన నిపుణుడుంటే ఫలితం నమ్మదగినది.

స్కానింగులో మనిషి కూర్చునే ఉంటాడు, ముఖాన్ని ఎవరూ తాకరు, పని నిమిషాలలో ముగుస్తుంది. నా దృష్టిలో ఈ ఒక్క కారణమే పిల్లల విషయంలో తీర్పు చెప్పడానికి చాలు. ఫోను ఫొటోలతో రూపం కట్టేటప్పుడు కొలత తప్పే ప్రమాదం ఉంది గనుక పక్కన ఒక స్కేలు ఉంచాలి. వెంట్రుకలను వెనక్కి కట్టాలి. నిగనిగలాడే చర్మం మీద స్కాను తడబడుతుంది.

చెక్కడానికి దూరం పోనక్కరలేదు. నెల్లూరు, ఒంగోలు, కావలి వంటి ఊళ్ళలో పూజగది తలుపుల మీద డిజైన్లు చెక్కే సి.ఎన్.సి. రూటరే ముఖాన్నీ చెక్కగలదు. అయితే తలుపు చెక్కడం లోతు తక్కువ పని, ముఖం లోతైనది. 18 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. (చెక్కపొడిని నొక్కి చేసిన) పలకలు ఏడు అంటిస్తే 126 మిల్లీమీటర్ల దిమ్మ వస్తుంది. మామూలు బిట్టు (యంత్రపు చెక్కే ములుకు) అంత లోతుకు దిగేలోపే దానిని పట్టుకునే భాగం ముక్కుకో నుదుటికో తగులుతుంది. అందుచేత దిమ్మను అడ్డంగా రెండు పొరలుగా విడగొట్టి, విడివిడిగా చెక్కించి, చెక్క మేకులతో కలపడం మంచిది. మూడు అక్షాల యంత్రం పైనుంచి మాత్రమే దిగుతుంది కనుక గడ్డం అడుగు, చెవుల వెనుక భాగం రావు. మాస్కు అక్కడ పట్టేస్తే తీయడమే కష్టం గనుక ఇది లోపం కాదు.

దిమ్మను చెక్కించే బదులు త్రీడీ ప్రింటింగు చేయించే సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. చవకగా దొరికే పి.ఎల్.ఏ. ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, కాబట్టి దానితో చేసిన దిమ్మ వేడి రేకు కింద రూపు కోల్పోతుంది.

యంత్రం చేయలేని పని ఒకటి మిగులుతుంది. స్కాను ముఖాన్ని ఉన్నదున్నట్టు తీస్తుంది. ఉన్నదున్నట్టు పోసిన మాస్కు మచ్చను నొక్కదు. చికిత్సకులు మచ్చ ఉన్న చోట దిమ్మను ఆకురాయితో పలుచగా అరగదీస్తారు. తరువాత మాస్కు తొడిగి, పారదర్శకమైన ప్లాస్టిక్ గుండా చూస్తే, సరిగా నొక్కిన మచ్చ తెల్లబారి కనిపిస్తుంది. ఎర్రగానే ఉంటే అక్కడ మళ్ళీ సరిచేయాలి. ఈ దశ లేకుండా కేవలం షాపులో చెక్కించి తెచ్చిన మాస్కు, ఎంత నునుపుగా ఉన్నా, నేను ఎవరికీ సిఫారసు చేయను.

కాబట్టి పిల్లలకు, ఊపిరాడనట్టు భయపడేవారికి స్కానూ సి.ఎన్.సి. దిమ్మా మేలు. బిడ్డ ఎదిగేకొద్దీ మాస్కు మార్చాలి. అప్పుడు మరోసారి స్కాన్ చేస్తే సరిపోతుంది, పాత ఫైలుతో పోల్చి మచ్చ ఎంత తగ్గిందో కూడా చూడవచ్చు. పెద్దవారికి, దగ్గరలో అనుభవజ్ఞుడైన ప్లాస్టర్ నిపుణుడుంటే, ప్లాస్టర్‌ను వదిలి యంత్రం కోసం ఆగనక్కరలేదు. మచ్చ గట్టిపడక ముందే మొదలుపెట్టడం ముఖ్యం. ఏది ఎంచుకున్నా, మన రోహిణీ కార్తె ఎండలకు మాస్కు కింద చెమట నిలిచి చర్మం పొక్కుతుంది గనుక, మచ్చలేని చోట్ల గాలిరంధ్రాలు వేయమనీ, రోజుకు ఎన్నిసార్లు కడిగి తుడవాలో చెప్పమనీ మాస్కు తీసుకునే రోజే చికిత్సకులను అడగాలి.