రాత్రిపూట ప్రూఫులు దిద్దడానికి ఏ టాబ్లెట్? రెండున్నరేళ్ల వాడకం తర్వాత నా మాట

పోటీ పరీక్షల గైడ్లకు ప్రూఫులు దిద్దడం నా పని. హనుమకొండలో ఇంటి నుంచే చేస్తాను. గ్రూప్స్ నోటిఫికేషన్ పడితే రోజుకు అరవై, డెబ్బై పేజీల పీడీఎఫ్‌లు వస్తాయి. పిల్లాడు పడుకున్నాక పదింటికి మొదలుపెడితే ఒంటిగంట దాటుతుంది. లైటు వేస్తే వాడు లేస్తాడు కాబట్టి చీకట్లో, టాబ్లెట్ వెలుగు బాగా తగ్గించి చదివేదాన్ని. ఈ సమీక్ష అలా చదివేవాళ్ల కోసమే.

మొదట కొన్నది 11 అంగుళాల అమోలెడ్ టాబ్లెట్, అంటే తెరలోని ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం. షోరూంలో తెర చూసి మనసు పారేసుకున్నాను. నలుపు కాటుకలా ఉంది, రంగులు తొణికిసలాడుతున్నాయి. "120 హెర్ట్జ్ మేడమ్, కళ్లకు హాయిగా ఉంటది" అన్నాడు అమ్మే అబ్బాయి. నెల రోజులు బాగానే గడిచింది. పని పెరిగాక కనుబొమల మధ్య నొప్పి మొదలైంది. ముందు గంటకు వచ్చేది, తర్వాత ఇరవై నిమిషాలకే. కళ్లు మూసుకున్నా లోపల ఏదో అదురుతున్నట్టు ఉండేది.

తెలుగు ప్రూఫు చూసేవాళ్లకు ఈ బాధ ఎలాంటిదో చెప్తాను. 'అర్థం', 'అర్ధం' మధ్య ఉన్న తేడా ఒక్క చుక్క. ఆ చుక్క కూడా కింద చిన్నగా ఉండే వత్తులో ఉంటుంది. ఒక ఎకనామిక్స్ గైడులో 'అర్ధశాస్త్రం' అని పడ్డవి పదకొండు చోట్ల వదిలేశాను. పబ్లిషర్ ఏమీ అనలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పన్నెండేళ్లుగా చేస్తున్న పని ఇది.

కంటి డాక్టరు చూసి నంబరు సరిగ్గానే ఉందన్నారు. కళ్లు పొడిబారాయని చుక్కలు రాశారు. తెర చూసేటప్పుడు మనం రెప్పలు వేయడం చాలా తగ్గిపోతుందట. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమన్నారు. మంట తగ్గింది, కనుబొమల నొప్పి మాత్రం పోలేదు. విచిత్రమేమిటంటే, తెర వెనక దీపం (బ్యాక్‌లైటు) ఉండే పాత ఎల్‌సీడీ ల్యాప్‌టాప్ మీద మూడు గంటలు చదివినా ఆ నొప్పి రాదు.

కారణం ఎక్కడుందో మా బాపు మాటతో తట్టింది. ఆయన మడికొండలో లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు. అందులో ఇనుప ముక్కను పట్టుకుని తిప్పే భాగమే చక్. "చోక్ ట్యూబులైటు ఒక్కటే ఉన్న దగ్గర తిరిగే చక్‌ను నమ్మొద్దు బిడ్డా, ఆగినట్టే కనిపిస్తది" అనేవాడు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. ఒక్కోసారికి రెండు చొప్పున ఆ లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. కంటికి తెలియదు, తిరిగే ఇనుము మీద తెలుస్తుంది. తెర కూడా అలాగే మిణుకుతుందేమోనని ఆ రాత్రే పరీక్షించాను.

గది చీకటి చేసి, తెర మీద తెల్ల పేజీ తెరిచి, వెలుగు తగ్గించి, పెన్సిల్‌ను దాని ముందు విసనకర్రలా వేగంగా ఊపాను. ల్యాప్‌టాప్ ముందు పెన్సిల్ పొగలా అలుక్కుపోయింది. అమోలెడ్ ముందు ఐదారు పెన్సిళ్లు విడివిడిగా, అంచులతో సహా నిలబడ్డాయి. ఒళ్లు జల్లుమంది. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టరు 1/2000 పెట్టి చూస్తే తెర మీద అడ్డంగా నల్లటి పట్టీలు పాకుతున్నాయి.

దీన్ని పీడబ్ల్యూఎం (పల్స్ విడ్త్ మాడ్యులేషన్) అంటారు. వెలుగు తగ్గించమంటే ఇలాంటి తెర నిజంగా మందగించదు, సెకనుకు వందల సార్లు ఆరి వెలుగుతుంది. ఎంత తగ్గిస్తే ఆరి ఉండే సమయం అంత పెరుగుతుంది. చీకట్లో కళ్లకు మేలని నేను తగ్గించుకున్న వెలుగే నాకు ఎదురు తిరిగింది! ఆ అబ్బాయి చెప్పిన 120 హెర్ట్జ్ వేరే సంగతి, అది బొమ్మ మారే వేగం. స్క్రోలింగ్ నున్నగా ఉంటుంది, అంతే. బ్యాక్‌లైటు నిలకడగా ఉంటే 60 హెర్ట్జ్ ఎల్‌సీడీ కూడా మిణుకదు.

అమోలెడ్‌లు చాలావాటిలో ఈ మిణుకు 240 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఎల్‌ఈడీ దీపాల కోసం ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ 2015లో ఇచ్చిన 1789 సిఫార్సు ప్రకారం 240 దగ్గర వెలుగు హెచ్చుతగ్గులు సుమారు 19 శాతం లోపు ఉంటే ముప్పు తక్కువ. ఆరి వెలిగే తెర ఆ హద్దు దాటేస్తుంది. 3000 దాటితే పరిమితే పెట్టలేదు. ఇప్పుడు కొన్ని ఫోన్లు 2160, 3840 అని ప్రకటించుకునేది ఈ అంకెనే.

అమోలెడ్‌ను పక్కన పెట్టే ముందు ఒక ఉపాయం చేశాను. బ్రైట్‌నెస్ 75 శాతం మీద ఉంచి, ఆండ్రాయిడ్‌లోని 'ఎక్స్‌ట్రా డిమ్' ఆన్ చేశాను. అది రంగులనే ముదురు చేస్తుంది కాబట్టి మిణుకు పెరగదు. నొప్పి సగానికి సగం తగ్గింది. కానీ తెల్ల పేజీ బూడిద రంగులోకి దిగి, వత్తులు మసకబారాయి. పాఠకులకు సరిపోతుందేమో, ప్రూఫులకు పనికిరాదు.

ఇరవై నెలలుగా వాడుతున్నది మామూలు ఎల్‌సీడీ టాబ్లెట్. అమోలెడ్‌లో సగం ధర కూడా లేదు. నలుపు నల్లగా ఉండదు, చీకట్లో తెర అంచున వెలుగు కారుతుంది, అన్నిటికంటే తక్కువ వెలుగు కూడా కాస్త ఎక్కువే. అందుకే నా వెనక గోడ వైపు తిప్పి చిన్న దీపం పెట్టుకుంటున్నాను, పిల్లాడు లేవడం లేదు. మొన్న మార్చిలో వరుసగా పదకొండు రాత్రులు పనిచేశాను. కళ్లు అలసిపోయాయి, అంతే. ఆ నొప్పి రాలేదు. కాగితంలా కనిపించే తెర ఉన్న ఈ-ఇంక్ రీడర్ కూడా వాడి చూశాను. చదవడానికి అంత హాయి ఇంకెక్కడా లేదు గానీ, దిద్దుబాట్లు గుర్తు పెట్టాలంటే మరీ నిదానం.

అమోలెడ్ ఇప్పుడు మా ఆయన దగ్గరుంది. లైటు వేసుకుని, పూర్తి వెలుగులో క్రికెట్ చూస్తాడు, ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. ఈ మిణుకు అందరినీ ఒకేలా బాధించదు. ఎల్‌సీడీలన్నీ నిలకడగా ఉంటాయనీ చెప్పలేం. నేను చౌరస్తా దగ్గర దుకాణంలో మూడు ఎల్‌సీడీ టాబ్లెట్ల వెలుగు తగ్గించి కెమెరాతో చూస్తే ఒకదాంట్లో పట్టీలు కనిపించాయి. ఆ దుకాణం ఆయన ఓపిగ్గా మూడూ తీసి చూపించాడు. మీరూ అడగండి, పెన్సిల్ వెంట తీసుకెళ్లండి.