కోట్లు పోస్తే టీమ్ బాగుపడుతుందా? పదిహేడు సీజన్లు యునైటెడ్‌తో గడిపాక నా సమీక్ష

2008 మే 21 రాత్రి. మన టైమ్‌లో పన్నెండుంపావుకు మాస్కోలో యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పెద్ద కప్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ మొదలైంది, మాంచెస్టర్ యునైటెడ్‌కూ చెల్సీకీ. తిరుపతి కొర్లగుంటలో ఒక మిద్దె గదిలో నలుగురం డిగ్రీ కుర్రాళ్లం అద్దెకు ఉండేవాళ్లం. పెనాల్టీల్లో చెల్సీ ఆటగాడు అనెల్కా కొట్టిన బంతిని యునైటెడ్ గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ ఆపేసరికి మూడు కావస్తోంది. మా కేకలకు కింద ఇంటావిడ లేచి వచ్చి తలుపు తట్టింది. ఆ రాత్రి నుంచి ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ నా టీమ్.

2025 మే నాటికి పదిహేడు సీజన్లు చూశాను. మొదటి ఐదు కోచ్ ఫెర్గూసన్ ఉండగా, మిగతా పన్నెండు ఆయన వెళ్లిపోయాక. ట్రాన్స్‌ఫర్ మార్కెట్‌లో, అంటే క్లబ్బులు ఆటగాళ్లను కొని అమ్ముకునే చోట, భారీగా డబ్బు పెడితే క్లబ్ నిజంగా బాగుపడుతుందా అని మా తమ్ముడు, వాడి స్నేహితులు ప్రతి వేసవిలోనూ వాదించుకుంటుంటారు. కోట్లు పోసి ఆటగాళ్లను కొనడం అనే ఈ సరుకును ఇన్నేళ్లు వాడినవాడిగా నేనిచ్చేది ఐదుకి రెండు మార్కులు. మూడు మార్కులు ఎక్కడ పోయాయో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

2009లో రొనాల్డోను రియల్ మాడ్రిడ్‌కు 8 కోట్ల పౌండ్లకు అమ్మేశారు. అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఇక అయిపోయింది అనుకున్నాను. తర్వాతి సీజన్‌లో ఒక్క పాయింట్ తేడాతో ఇంగ్లండ్ లీగ్ టైటిల్ పోయింది. ఆ పై ఏడాది గెలిచాం. 2012లో పాయింట్లు సమానమై, గోల్స్ తేడాతో మా ఊరి ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీకి వదులుకున్నాం. 2013లో మళ్లీ గెలిచాం. ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆటగాడిని అమ్ముకున్న క్లబ్ నాలుగేళ్లలో రెండు టైటిళ్లు కొట్టింది. ఫెర్గూసన్ డబ్బు పెట్టలేదని కాదు. 2002లో ఫెర్డినాండ్‌ను బ్రిటిష్ రికార్డు ధరకు కొన్నది ఆయనే. కానీ ఆ ఆటగాడు ఎక్కడ ఆడతాడో, పక్కన ఎవరుంటారో కొనక ముందే ఆయనకు తెలుసు.

ఆయన వెళ్లాక మొదటి సీజన్‌లోనే ఏడో స్థానం. 2014 వేసవిలో రియల్ మాడ్రిడ్ నుంచి డి మరియాను 5.97 కోట్ల పౌండ్లకు తెచ్చారు. బ్రిటిష్ రికార్డు. నాకు అప్పటికి ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది. గాంధీ రోడ్డులో వెతికి వెతికి ఏడో నంబరు జెర్సీ కొనుక్కున్నాను. అది వేసుకునే సెప్టెంబరులో ఒక ఆదివారం లెస్టర్ మ్యాచ్ చూశాను. గోల్‌కీపర్ తల మీదుగా డి మరియా బంతిని ఎంత మెత్తగా లేపి వేశాడంటే, ఆ గోల్ ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. 3-1 ఆధిక్యం. చివరికి 5-3తో ఓడిపోయాం. ఆ రోజు మా డిఫెన్స్‌ను చిందరవందర చేసిన జేమీ వార్డీని లెస్టర్ తెచ్చుకుంది ఫ్లీట్‌వుడ్ అనే చిన్న క్లబ్ నుంచి, 10 లక్షల పౌండ్లకు. ఇరవై నెలల తర్వాత ఆ లెస్టరే లీగ్ ఛాంపియన్.

డి మరియా లీగ్‌లో పది గోల్ పాస్‌లు ఇచ్చాడు, మూడు గోల్స్ కొట్టాడు. కోచ్ వాన్ గాల్ ఒక వారం మైదానం అంచున, ఒక వారం మధ్యలో, ఇంకో వారం ముందు ఆడించాడు. చలికాలంలో అతని ఇంట్లోకి దొంగలు చొరబడే ప్రయత్నం చేశారు, కుటుంబం భయపడిపోయింది. ఏడాది తిరగకుండానే కొన్న దానికంటే తక్కువకు పారిస్ క్లబ్ పీఎస్‌జీకి వెళ్లిపోయాడు. అప్పుడు నేను అతన్నే తిట్టుకున్నాను. తప్పు ఎక్కడుందో నాకు తెలిసింది మా ఇంట్లో ఆవు వల్ల.

మాది రేణిగుంట దగ్గర ఊరు. ఆ రోజుల్లోనే మా నాయన పలమనేరు వైపు ఒక రైతు దగ్గర రెండో ఈత హెచ్‌ఎఫ్ ఆవును కొన్నాడు. మా ఊళ్లో అంతకు ముందు ఎవరూ ఆవుకు అంత ధర పెట్టలేదు. అక్కడ మేమే దగ్గరుండి పిండించి చూశాం, పూటకు పది లీటర్లు. మా కొట్టానికి వచ్చాక ఆరుకు పడిపోయింది, ఎండాకాలంలో నాలుగు. పలమనేరు ఎత్తు మీద ఉంటుంది, చల్లటి గాలి. మాది రేకుల కొట్టం, ఏప్రిల్ నుంచి లోపల నిలబడలేం. పచ్చిగడ్డి కూడా అక్కడ దొరికినంత దొరకదు. పక్కింటాయన మోసపోయినారే అన్నాడు. మా నాయన ఒప్పుకోలేదు. "ఆవుది తప్పు లేదురా. మన కొట్టం చూసుకోకుండా తెచ్చినాము" అన్నాడు.

ఆ మాట తర్వాత యునైటెడ్ కొనుగోళ్లన్నీ నాకు వేరేగా కనిపించడం మొదలైంది. 2016లో పోగ్బా, 8.9 కోట్ల పౌండ్లు, ప్రపంచ రికార్డు. నాలుగేళ్ల ముందు మా దగ్గర నుంచే ఫీజు లేకుండా వెళ్లిన కుర్రాడు, 2022లో మళ్లీ ఫీజు లేకుండానే వెళ్లాడు. 2019లో మగ్వాయర్, 8 కోట్లు, డిఫెండర్లలో రికార్డు. 2021లో సాంచో, 7.3 కోట్లు. 2022లో ఆంటనీ, 8 కోట్లకు పైగా. వీళ్లెవరూ ఆట రానివాళ్లు కారు. కానీ మొయెస్, వాన్ గాల్, మోరీనో, సోల్‌షేర్, టెన్ హాగ్, అమోరిమ్ అంటూ కోచ్‌లు మారుతూ పోయారు. ఒకరికి బంతి కాళ్ల దగ్గర ఉంచుకునే ఆట కావాలి, ఇంకొకరికి వెనక కాచుకుని ఒక్కసారిగా దూసుకెళ్లే ఆట. ఒకరి కోసం కొన్నవాడు తర్వాతి వాడికి పనికిరాలేదు. ఈ పన్నెండేళ్లలో ఇంగ్లండ్‌లోని నాకౌట్ కప్‌లు నాలుగు (రెండు ఎఫ్ఏ కప్‌లు, రెండు లీగ్ కప్‌లు), యూరప్‌లో రెండో స్థాయి కప్ యూరోపా లీగ్ ఒకటి వచ్చాయి. లీగ్ టైటిల్ ఒక్కటీ రాలేదు. 2025 మేలో పదిహేనో స్థానం. ఆ సీజన్ ఆఖరి వారాల్లో టీవీ పెట్టాలంటేనే టెన్షన్‌గా ఉండేది, అయినా ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు.

ట్రాన్స్‌ఫర్ ఫీజు గురించి అందరూ మాట్లాడతారు కానీ జీతం గురించి ఎవరూ పట్టించుకోరు. నాకు పెద్ద పాఠం అలెక్సిస్ సాంచెజ్. 2018 జనవరిలో మ్ఖితారియాన్‌ను ఆర్సెనల్‌కు ఇచ్చి అతన్ని తెచ్చుకున్నారు, ఫీజు లేదు. భలే బేరం అని మా గ్రూప్‌లో అందరం సంబరపడ్డాం. క్లబ్‌లో అందరికంటే పెద్ద జీతం ఇచ్చారు. 45 మ్యాచ్‌లలో 5 గోల్స్. అలాంటి వాడిని అమ్మాలన్నా కొనేవాడు ఉండడు, ఎందుకంటే ఆ జీతం ఇంకే క్లబ్బూ ఇవ్వలేదు. చివరికి ఇటలీ క్లబ్ ఇంటర్‌కు అద్దెకు (కొంతకాలం ఆడి రమ్మని) పంపి, తర్వాత ఊరికే వదిలేశారు. పైగా పక్కనున్న ఆటగాళ్లు తమ కాంట్రాక్టు వచ్చినప్పుడు ఆ అంకెనే చూపిస్తారు. స్టెఫాన్ సిమాన్‌స్కీ అనే ఆర్థికవేత్త లెక్కలు వేసి చెప్పింది కూడా ఇదే: లీగ్‌లో స్థానాలకు, జీతాల మొత్తానికి గట్టి సంబంధం ఉంది, ట్రాన్స్‌ఫర్ ఫీజులతో ఉన్న సంబంధం చాలా బలహీనం. మంచి ఆటగాళ్లకు మంచి జీతమిచ్చి ఏళ్ల తరబడి నిలబెట్టుకునేవాడు పైన ఉంటాడు. ఏటా కొత్తవాళ్లను కొని పాతవాళ్లను నష్టానికి అమ్మేవాడికి డబ్బు మాత్రమే ఖర్చవుతుంది.

మరి ఆ రెండు మార్కులు ఎందుకంటే, డబ్బు పని చేయడం కూడా నేను కళ్లారా చూశాను. వాన్ పెర్సీని 2012లో ఆర్సెనల్ నుంచి 2.4 కోట్ల పౌండ్లకు తెచ్చారు. గోల్స్ తేడాతో టైటిల్ పోగొట్టుకున్న టీమ్‌కు కావలసింది గోల్స్ కొట్టేవాడు. లీగ్‌లో 26 కొట్టాడు. 2013 ఏప్రిల్ 22న ఆస్టన్ విల్లా మీద అతను హ్యాట్రిక్ కొడితేనే టైటిల్ ఖాయమైంది. 2020 జనవరిలో బ్రూనో ఫెర్నాండెజ్ వచ్చాక ఆ సీజన్‌లో మిగిలిన 14 లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటి కూడా ఓడలేదు, మూడో స్థానంలో ముగించాం.

ఈ విషయంలో నాకు అసూయ కలిగించింది లివర్‌పూల్. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ కొట్టులో నాతో వాదించే స్నేహితుడిది ఆ టీమ్. 2018 జనవరిలో వాళ్లు కూటినోను బార్సిలోనాకు పెద్ద ధరకు అమ్మి, అదే నెలలో డిఫెన్స్‌కు వాన్ డైక్‌ను 7.5 కోట్ల పౌండ్లకు తెచ్చుకున్నారు. ఆ మేలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో గోల్‌కీపర్ తప్పులకు ఓడారు, వేసవిలో అలిసన్‌ను కొన్నారు. ఇల్లు ఎక్కడ కారుతోందో అక్కడే పెంకు మార్చినట్టు. 2019లో ఛాంపియన్స్ లీగ్, 2020లో 99 పాయింట్లతో లీగ్. కూటినోను కొన్న బార్సిలోనా సంగతి చూడండి. అతన్ని జర్మనీ క్లబ్ బయర్న్‌కు అద్దెకు పంపితే, 2020 ఆగస్టులో అదే బయర్న్ చేతిలో 8-2తో ఓడింది. అందులో రెండు గోల్స్ కూటినోవే. ఏడాది తిరిగేసరికి మెస్సీని నిలుపుకోవడానికి కూడా వాళ్ల లెక్కలు ఒప్పుకోలేదు.

డబ్బు అసలు అక్కర్లేదు అనే వాదన నేను నమ్మను. 2003లో రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ వచ్చాక చెల్సీ, 2008లో అబుదాబి చేతికి వెళ్లాక సిటీ ఆ డబ్బు లేకుండా అక్కడికి చేరేవి కావు. డబ్బు లేకుండా గెలిచిన లెస్టర్ అక్కడ నిలబడలేకపోయింది, 2023లో కింది డివిజన్‌కు పడిపోయింది. మన ఐపీఎల్‌లో స్టార్క్‌కు కోల్‌కతా 24.75 కోట్ల రూపాయలు పెట్టినప్పుడు అందరూ నోరెళ్లబెట్టారు, 2024 ఫైనల్‌లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అతనే. కానీ నెయ్‌మార్‌కు 22.2 కోట్ల యూరోలు పెట్టి, ఎంబాపెను, మెస్సీని పక్కన చేర్చిన పీఎస్‌జీ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది ఆ ముగ్గురూ వెళ్లిపోయాక, 2025లో, ఇంటర్ మీద 5-0తో. ఆ టీమ్ కూడా చవకది కాదు. అందరూ కలిసి పరిగెత్తే టీమ్.

మా నాయన రెండేళ్లు చూసి ఆ ఆవును మదనపల్లె వైపు బంధువుకు అమ్మాడు, కొన్న ధరలో సగానికి కొంచెం ఎక్కువ. తర్వాతి ఈతలో పూటకు తొమ్మిది లీటర్లు ఇస్తోందని ఆయన ఫోన్ చేసి చెప్పాడు. మా నాయనకు కోపం రాలేదు, సంతోషపడ్డాడు. 2024లో మా అకాడమీలో పెరిగిన మెక్‌టామినేను నాపోలీకి అమ్మితే, ఆ సీజన్‌లోనే ఇటలీ లీగ్ గెలిచి, లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆంటనీ 2025లో స్పెయిన్ క్లబ్ బేటిస్‌కు అద్దెకు వెళ్లి కొత్త మనిషిలా ఆడాడు. నాకూ కోపం రాలేదు, బాధేసింది.

కొత్త ఆవును తెచ్చే ముందు మా నాయన రేకులు తీసేసి కొట్టానికి బోదగడ్డి కప్పు వేయించాడు, ఫ్యాన్లు పెట్టించాడు, అర ఎకరంలో గడ్డి వేశాడు. ఆవు ఆ తర్వాత ఆరు నెలలకు వచ్చింది.

2025 వేసవిలో యునైటెడ్ మళ్లీ కొంది. కూన్యా, ఎంబ్యూమో, సెస్కో, ముగ్గురికీ కలిపి 19 కోట్ల పౌండ్లకు పైనే. ముగ్గురూ ముందు ఆడేవాళ్లు. సెస్కో ఖాయమైన రోజు తమ్ముడు ఫోన్ చేశాడు, గొంతులో ఆనందం ఆగడం లేదు.

"మిడ్‌ఫీల్డ్‌కు ఎవరిని తీసుకున్నారు రా?" అని అడిగాను.

"ఇంకా ఎవర్నీ లేదన్నా" అన్నాడు.

ఆగస్టు అయిపోయింది. ఎవరూ రాలేదు.