ఇంటి నుంచి సర్వేలు: రమ్మనేవాళ్లను నమ్మాలా, వద్దనేవాళ్లనా?

"అక్కా, ఇది నిజమేనా?" అంటూ వారానికి ఒకరైనా నాకు ఒక స్క్రీన్‌షాట్ పంపుతుంటారు. పంపేవాళ్లు మారతారు గానీ అందులోని మాటలు మాత్రం అవే. రోజుకు ఇన్ని సర్వేలు, ఒక్కోదానికి ఇంత, అనుభవం అక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఖాళీ వేళల్లో చేసుకోవచ్చు. విడివిడిగా జవాబులు రాసీ రాసీ, అన్నింటినీ ఒకచోట పెట్టి తూచి చూద్దామనిపించింది. గత మూడు నెలలుగా నేను కూడా నాలుగైదు చోట్ల చేరి సర్వేలు నింపాను కాబట్టి ఇవి విన్న సంగతులు కావు.

ముందుగా డబ్బు కట్టమంటే మోసం, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు లాంటివి మీకు తెలిసినవే. వాటి జోలికి పోను. అవన్నీ తెలిసినవాళ్లు కూడా మోసపోతున్నారు. ఇప్పటి మోసగాళ్లు మొదటి రోజు డబ్బు అడగరు, వాళ్లే మనకు ఎదురు డబ్బు ఇస్తారు. అందుకని నేను చూసే గుర్తు వేరు. అక్కడ మిమ్మల్ని ఎప్పుడైనా వద్దంటారా, లేదా?

తలకిందులుగా ఉంది కదూ? సర్వే ఎలా పుడుతుందో చూస్తే అర్థమవుతుంది. పసిపిల్లల సబ్బు చేసే కంపెనీ ఒకటి ఉందనుకోండి. రెండేళ్లలోపు బిడ్డ ఉన్న తల్లులు 400 మంది కావాలి, అందులో సగం మంది ఉద్యోగం చేసేవాళ్లు అయ్యుండాలి అని అది పరిశోధన సంస్థకు చెబుతుంది. దీన్ని కోటా అంటారు. ఆ 400 మంది దొరకగానే సర్వే మూసేస్తారు. పెళ్లికాని కుర్రాడి జవాబుకు అక్కడ విలువ లేదు, దానికి ఆ కంపెనీ పైసా ఇవ్వదు. కాబట్టి నిజమైన సర్వే సంస్థ వచ్చినవాళ్లలో చాలామందిని వెనక్కి పంపక తప్పదు. "క్షమించండి, ఈ సర్వేకు మీరు సరిపోరు" అనే మాట మనసుకు చివుక్కుమనిపించినా, ఆ జవాబు కొనేవాడు ఒకడు అవతల నిజంగా ఉన్నాడని అదే చెబుతోంది.

ఇప్పుడు "రోజూ 20 సర్వేలు గ్యారంటీ, ఎవరైనా చేరవచ్చు" అనే ప్రకటనను మళ్లీ చదవండి. అందరికీ ప్రతిరోజూ పని ఉందంటే మీ జవాబుతో ఎవరికీ అవసరం లేదన్నమాట. జవాబు కొనేవాడు లేనప్పుడు మీ చేతికొచ్చే డబ్బు ఎక్కడిది? మీ తర్వాత చేరినవాడిదైనా కావాలి, రేపు మీ దగ్గర లాగబోయేదానికి ఎర అయినా కావాలి. సింగపూర్‌లో నమోదైన స్పీక్ ఏషియా అనే ఆన్‌లైన్ సర్వేల కంపెనీ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. చందా కట్టి చేరితే సర్వేలు, ఇంకొకరిని చేర్పిస్తే కమిషన్. లక్షలమంది చేరారు. 2011లో దర్యాప్తులు, అరెస్టులు మొదలయ్యాయి, చెల్లింపులు నిలిచిపోయాయి.

నేటి మోసం వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో నడుస్తుంది. మా పిన్ని కూతురు ఆ వలలో పడింది. పేరున్న పరిశోధన సంస్థ పేరు చెప్పుకుని ఎవరో మెసేజ్ పెట్టారు. మొదటి నాలుగు సర్వేలకు చెప్పిన డబ్బు చెప్పినట్టు ఖాతాలో పడింది. ఐదోదానికి ముందుగా కొంత కడితే ఎక్కువ వస్తుందన్నారు, వచ్చింది. ఆ తర్వాత పెద్ద మొత్తం కట్టించారు. యాప్‌లో అంకె పెరుగుతూ పోయింది గానీ తీసుకోబోతే పన్ను కట్టమన్నారు, అదీ కట్టాక ఖాతా స్తంభించిందన్నారు. ఏడుస్తూ నాతో ఒక మాట అంది: "ఒక్క సర్వేకు కూడా నన్ను కాదనలేదక్కా, అందుకే నమ్మాను." ఈ వ్యాసం రాయడానికి ఆ మాటే కారణం. తనకు ఏది భరోసాగా కనిపించిందో అదే అసలు ప్రమాద సూచన.

ఇంకో సంగతి. నిజమైన సర్వే ప్యానెల్, అంటే జవాబులివ్వడానికి పేరు నమోదు చేసుకున్నవాళ్ల బృందం, మీకు ఉద్యోగం ఇవ్వదు. మీరు అక్కడ సభ్యులు మాత్రమే. జీతం, నియామక పత్రం, ఇంటర్వ్యూ తీసుకునే హెచ్ఆర్ మేడమ్ ఇవేవీ ఉండవు. ఆ మాటలు వినిపించాయంటే, వాళ్లు చెప్పుకునే సంస్థ పేరు నిజమైనదే అయినా మాట్లాడుతున్న మనిషి మాత్రం ఆ సంస్థవాడు కాదు. సంస్థ సొంత వెబ్‌సైట్ చిరునామా మీరే టైప్ చేసి వెళ్లి చూడండి, ఎవరో పంపిన లింకు నొక్కి కాదు.

సరే, మోసాలు పక్కన పెడదాం. అసలైన వాటిలో ఏది మేలు? ఇక్కడ కూడా నేను అదే ప్రశ్న పట్టుకుని చూస్తాను, కాకపోతే కొంచెం మార్చి. వద్దనడం తప్పదు సరే, ఎప్పుడంటారు? ఆ వద్దన్న సమయానికి నష్టపోయేది ఎవరు?

యూగవ్, టొలూనా, కాంటార్‌వారి లైఫ్‌పాయింట్స్, ఇప్సోస్‌వారి ఐసే లాంటివి పరిశోధన సంస్థలు నడిపే ప్యానెళ్లు. వీటి వెనుక పేరు, చిరునామా, ఎన్నో ఏళ్ల వ్యాపారం ఉన్నాయి. జవాబులిస్తే పాయింట్లు వస్తాయి, అవి కనీస మొత్తం చేరాక డబ్బుగానో గిఫ్ట్ కార్డుగానో మార్చుకోవచ్చు. మొదటి ఒకటి రెండు నిమిషాల్లో వయసు, వృత్తి, ఇంట్లో ఎందరు అని అడిగి, సరిపోకపోతే పంపేయడం న్యాయమే. నేను దాన్ని తప్పు పట్టను.

స్వాగ్‌బక్స్ లాంటి రివార్డు సైట్ల తీరు వేరు. వాళ్లు ఎక్కువగా సర్వేలు సొంతంగా చేయరు, పదిమంది దగ్గరి సర్వేలను ఒకచోట చేర్చి చూపిస్తారు. ఒక సర్వేకు మీరు సరిపోకపోతే మధ్యలో ఉండే రూటర్ (సర్వేల మధ్య మనుషుల్ని మళ్లించే సాఫ్ట్‌వేర్) మిమ్మల్ని ఇంకొకదానికి, అక్కడి నుంచి మరొకదానికి తోస్తుంది. వెళ్లిన ప్రతిచోటా వయసెంత, పిన్ కోడ్ ఎంత అంటూ మళ్లీ మొదటికొస్తారు. ఈ తరహా సైట్ ఒకదానిలో నేను 17 నిమిషాలపాటు జవాబులిచ్చాక "కోటా నిండిపోయింది" అని వచ్చింది. ఆ 17 నిమిషాలకు చేతికొచ్చింది సున్నా. అది మోసమని అనలేను, నేను నింపుతుండగానే కోటా నిండి ఉండవచ్చు. అయినా ఆ నష్టం మొత్తం నామీదే పడింది, సైటుకు పోయిందేమీ లేదు. రోజుకు మూడుసార్లు ఇలా జరిగితే, ఆ రోజు సంపాదన కన్నా వృథా అయిన సమయమే ఎక్కువ.

జీతం లేని ఈ సమయమే మొత్తం లెక్కను తారుమారు చేస్తుంది. అమెజాన్ 2005లో మొదలుపెట్టిన మెకానికల్ టర్క్‌లో సర్వేలతో పాటు చిన్న చిన్న పనులు ఎన్నో ఉంటాయి. అక్కడ 2,676 మంది చేసిన 38 లక్షల పనుల వివరాలను పరిశోధకులు లెక్కగట్టి 2018లో ప్రచురించారు. గంటకు వచ్చే సంపాదన మధ్యస్థంగా సుమారు 2 డాలర్లని తేలింది. అప్పటి అమెరికా కనీస వేతనం 7.25 డాలర్లు దాటినవాళ్లు 4 శాతమే. పని వెతుక్కోవడానికి, మధ్యలో వదిలేసిన పనులకు, చేశాక తిరస్కరించిన పనులకు పోయిన సమయం కూడా లెక్కలోకి వచ్చేసరికి ఆ అంకె అంత కిందికి పడింది. చేతికొచ్చే మొత్తం మాత్రమే చూసుకుంటే ఇది కనిపించదు. అందుకే నేను నోటు పుస్తకంలో సర్వే మొదలుపెట్టిన సమయం, బయటపడిన సమయం రాసుకున్నాను, వెనక్కి పంపినవాటితో సహా. ఒక్క వారం అలా రాసి చూడండి. ఏ సైట్ ఉంచుకోవాలో, ఏది తీసేయాలో ఆ కాగితమే చెబుతుంది.

ఇక నా మొగ్గు ఎటో దాచను. ప్రొలిఫిక్ అనే సర్వేల సైట్. 2014లో బ్రిటన్‌లో మొదలైంది, ఎక్కువగా విశ్వవిద్యాలయాల పరిశోధకులు వాడతారు. చేరినప్పుడే మన గురించి బోలెడు ప్రశ్నలు అడిగి పెట్టుకుంటుంది. ఆ తర్వాత మనకు సరిపోయే అధ్యయనాలనే మన తెరమీద చూపిస్తుంది. అంటే వద్దనడం అక్కడా ఉంది, కానీ మనం మొదలుపెట్టకముందే, మనకు తెలియకుండానే అయిపోతుంది. లోపలికి వెళ్లాక ఇంకా వడపోయాలనుకునే పరిశోధకుడు ఆ వడపోతకు కూడా డబ్బు ఇవ్వాలి. గంటకు కనీసం 8 డాలర్ల లెక్కన చెల్లించాలన్న నిబంధన ఉంది. 21 రోజుల్లోగా పరిశోధకుడు ఏ సంగతీ చెప్పకపోతే మన జవాబు దానంతట అదే ఆమోదం పొందుతుంది. ఎదుటివాడి నిర్లక్ష్యానికి మనం మూల్యం చెల్లించే అవసరం లేకుండా చేసిన ఏర్పాటు ఇది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఇంతకన్నా కావలసిన మర్యాద ఏముంది?

లోపాలు లేవని కాదు. అన్ని దేశాలవారినీ చేర్చుకోదు, చేర్చుకునే చోట కూడా వేచి ఉండే జాబితా ఉండవచ్చు. వారంలో కొన్ని రోజులు ఒక్క అధ్యయనమూ రాదు. మీ ప్రాంతంలో ప్రొలిఫిక్ దొరక్కపోతే నేరుగా పరిశోధన సంస్థ నడిపే ప్యానెళ్లు ఒకటి రెండు చాలు. పదింటిలో చేరితే పది చోట్లా కనీస మొత్తం చేరక పాయింట్లు చిక్కుకుపోతాయి.

గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్ 2013 నుంచి ఉంది. అర నిమిషంలో అయిపోయే ప్రశ్నలు, ఆండ్రాయిడ్‌లో అయితే ప్లే స్టోర్ క్రెడిట్. నమ్మవచ్చు, కానీ దాన్ని పని అనలేం. డబ్బు కట్టి కొనుక్కునే "సర్వే సైట్ల జాబితా"లు శుద్ధ దండగ, ఉచితంగా దొరికేదాన్నే అమ్ముతున్నారు. ఫోకస్ గ్రూపులకు (కొద్దిమందిని కూర్చోబెట్టి చర్చ పెట్టించేవి), వీడియో ఇంటర్వ్యూలకు ఎక్కువ ఇస్తారు, వస్తే వదులుకోకండి. కానీ అవి ఎప్పుడో ఒకటి.

ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ఇంకొకటి ఉంది: "సర్వే ప్రాజెక్ట్". ఎవరో ఒకరు మీకు ఐడీ, వీపీఎన్ (మీరున్న చోటు దాచి వేరేచోట ఉన్నట్టు చూపే సాఫ్ట్‌వేర్) ఇచ్చి, వేరే దేశంలో ఉన్నట్టు, ఫలానా వయసు, ఫలానా ఉద్యోగం ఉన్నట్టు జవాబులు నింపమంటారు. ఏం నింపితే వెనక్కి పంపరో వాళ్లే నేర్పుతారు. డబ్బు నిజంగానే వస్తుంది, అందుకే చాలామంది ఇది సక్రమమైన పని అనుకుంటారు. కానీ చేస్తున్నది దొంగ సాక్ష్యం. ఆ సబ్బు కంపెనీ తల్లుల మాట అనుకుని మీ కల్పన కొనుక్కుంటోంది. ఇలాంటి కల్పిత జవాబులను అసలైనవిగా చూపి సుమారు కోటి డాలర్ల బిల్లులు వేశారంటూ 2025 ఏప్రిల్‌లో అమెరికాలో 8 మందిపై అభియోగాలు మోపారు. వద్దనే హక్కు కొనేవాడికి లేకుండా చేసే పని ఏదైనా దూరంగా ఉంచండి, మీకు ఎంత ఇచ్చినా సరే.

దీని ప్రభావం నిజాయితీగా నింపేవాళ్లమీద కూడా పడుతుంది. కల్పిత జవాబులు ఎక్కువయ్యే కొద్దీ ప్యానెళ్ల అనుమానం పెరుగుతుంది. "ఈ ప్రశ్నకు మూడో గడి ఎంచుకోండి" అనే పరీక్ష ప్రశ్నలు, మరీ వేగంగా నింపితే తిరస్కరించడం, వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఖాతా ఆపేయడం ఇందుకే. మీ మామూలు అవసరానికి వీపీఎన్ పెట్టుకుని ఉంటే సర్వే తెరిచేముందు ఆపేయండి. వరుసగా అన్నింటికీ ఒకే గడి నొక్కుకుంటూ పోకండి. వయసు, ఆదాయం అన్ని చోట్లా ఒకేలా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కోటాలో దూరడానికి ఒకచోట బిడ్డ ఉందని, ఇంకోచోట లేదని రాస్తే దొరికిపోతారు.

కొత్త సంస్థ ఏదైనా ఎదురైతే ఎసోమార్ పేరు చూడమంటాను. దశాబ్దాల క్రితం ఏర్పడిన మార్కెట్ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం అది. దాని నియమావళి ప్రకారం పరిశోధన పేరు చెప్పి వస్తువులు అమ్మకూడదు, జవాబిచ్చినవాళ్ల వివరాలను కాపాడాలి. అయితే ఆ ముద్ర ఎవరైనా తమ పేజీలో అతికించుకోగలరు. కాబట్టి ఎసోమార్ సొంత సభ్యుల జాబితాలోకి వెళ్లి సంస్థ పేరు వెతకండి. ఐఎస్ఓ 20252 అనే ప్రమాణం కూడా ఉంది, పరిశోధన సంస్థల పనితీరు కోసమే పెట్టినది. ఇవి లేనంత మాత్రాన దొంగ సంస్థ కాదు, ఉన్నంత మాత్రాన మీ సమయానికి విలువ ఇస్తుందనీ కాదు.

చివరిగా, పాత సైట్లలో పాయింట్లు చిక్కుకున్నవాళ్ల ప్రశ్న. కనీస మొత్తానికి దగ్గరలో ఉంటే పూర్తిచేసి డబ్బు తీసుకోండి, చాలా సైట్లలో కొన్ని నెలలు ఊరకే ఉంటే పాయింట్లు రద్దవుతాయి. దూరంగా ఉంటే వాటి ఆశ వదిలేయండి. ఏది చేసినా యాప్ తీసేసి ఊరుకోవద్దు. యాప్ పోయినా మీరు నింపిన ఇంటి వివరాలు, ఆదాయం, ఆరోగ్యం గురించిన జవాబులు వాళ్ల దగ్గరే ఉంటాయి. సెట్టింగ్స్‌లో ఖాతా తొలగించే మీట ఉంటుంది. లేకపోతే గోప్యతా విధానం పేజీలో ఉన్న ఈమెయిల్‌కు, మీరు నమోదైన చిరునామా నుంచే, నా ఖాతాను, వివరాలను తొలగించండి అని రాయండి. డబ్బు చేతికి అందాకే ఆ ఈమెయిల్ పంపండి.